పక్క దేశం ఎంత దూరం?

కర్నూలు రాజవిహార్ సెంటర్‌లో నిలబడి తలెత్తి చూడండి. సినిమా పోస్టర్లకు పోటీగా ఇప్పుడు తెల్లకోట్లు కనిపిస్తాయి. మెడలో స్టెతస్కోపు, మొహాన నవ్వు, వెనకాల మంచుకొండలు, కింద పెద్దక్షరాల్లో 'తక్కువ ఖర్చుతో ఎంబీబీఎస్'. కిర్గిజ్‌స్థాన్, ఉజ్బెకిస్థాన్, బంగ్లాదేశ్, నేపాల్. మా వైపు ఇంటర్ పిల్లలకు ఈ పేర్లు ఆదోని, ఎమ్మిగనూరు అన్నంత మామూలైపోయాయి.

విచిత్రమేమిటంటే ఆ హోర్డింగుల కింద ఆటో ఎక్కితే కాసేపట్లోనే బుధవారపేటలో కర్నూలు మెడికల్ కాలేజీ దగ్గర దిగొచ్చు. 1953 నుంచి మూడేళ్లు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న ఊరు ఇది. 1956లో రాజధాని హైదరాబాదుకు పోయింది, అదే ఏడాది ఈ కాలేజీ వచ్చింది. ఊళ్లోనే కాలేజీ ఉంది కానీ అందులో సీటు మాత్రం ఆకాశంలో ఉంది. 2024లో నీట్ రాసినవాళ్లు దేశం మొత్తం మీద 23 లక్షల పైచిలుకు. సీట్లేమో లక్షా పది వేలకు అటూ ఇటూ, అందులో ప్రభుత్వానివి సుమారు సగం. మిగిలిన పిల్లలు హోర్డింగు వైపు చూడకుండా ఎట్లా ఉంటారు?

మా అన్న కూతురు కూడా చూసింది. మార్కులు ఐదొందలకు కాస్త ఇవతల ఆగిపోయాయి. కౌన్సెలింగ్ ఇంకా నడుస్తూనే ఉంది గానీ, కన్వీనర్ కోటా సీటు మీద మాకెవరికీ పెద్దగా ఆశ లేదు. అన్నది నంద్యాల దగ్గర పల్లె. కేసీ కాలువ కింద రెండెకరాల మాగాణి, పైన నాలుగెకరాల మెట్ట. ఒక కన్సల్టెన్సీ వాళ్లు కాగితం మీద లెక్కలు రాసిచ్చారు. కిర్గిజ్‌స్థాన్ అయితే పాతిక లక్షలు, బంగ్లాదేశ్ నలభై, నేపాల్ యాభై ఐదు నుంచి అరవై. నెలాఖరులోగా అడ్వాన్సు కట్టాలన్నారు. మాగాణి కొనేదానికి మనిషి కూడా సిద్ధంగా ఉన్నాడు.

"బ్యాంకు లోను తీసుకోరాదా అన్నా?" అని అడిగాను.

"అడిగినా ల్యా. ఏడున్నర లక్షలు దాటితే తాకట్టు కావాలంట. సేద్యం భూమి పనికిరాదు, టౌన్లో ఇల్లో సైటో చూపీమన్నారు" అన్నాడు.

అందుకే మా దగ్గర విదేశీ చదువు మాట ఎత్తితే ముందు పాసుబుక్కు బయటికొస్తుంది. పాస్‌పోర్టు తర్వాతి సంగతి.

నేనొక మాట చెప్పాను. అడ్వాన్సు కట్టేలోపల ఆ దేశాలకు పోయొచ్చిన పిల్లల్ని చూసొద్దాం. అందుకు విమానం ఎక్కే పనేమీ లేదు, అందరూ మన కర్నూలు-కడప రోడ్డు మీదే ఉన్నారు. అమ్మాయి వెంటనే ఒప్పుకుంది. అన్న రెండు రోజుల పని పోతుందని గొణిగి, చివరికి సరేనన్నాడు. అలా 2024 ఆగస్టు చివర్లో ముగ్గురం కర్నూలు కొత్త బస్టాండులో ఉగ్గాని బజ్జీ తిని నంద్యాల బస్సెక్కాం.

ఈ రోడ్డు గురించి చెప్పాలి. పాతవాళ్లకు పద్దెనిమిదో నంబరు, ఇప్పటివాళ్లకు నలభయ్యో నంబరు జాతీయ రహదారి. ఊరు దాటగానే ఓర్వకల్లు గుట్టలు. ఎవరో బండల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి మధ్యలో వదిలేసి వెళ్లినట్టుంటాయి. ఆ పక్కనే 2021లో మొదలైన విమానాశ్రయం, దానికి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. పాణ్యం దాటాక నేల రంగు మారుతుంది. ఎర్రబండలు వెనక్కి పోయి నల్లరేగడి వస్తుంది, ఇక అక్కడక్కడా కేసీ కాలువ పలకరిస్తూ ఉంటుంది.

ఆ రోజు బస్సులో ఎవరి నోట విన్నా తుంగభద్ర డ్యాము మాటే. ఆ నెల పదో తేదీ రాత్రి పందొమ్మిదో గేటు గొలుసు తెగి కొట్టుకుపోవడం, ఇనుప పలకలు దించి వారం రోజుల్లో నీళ్లు ఆపడం, అంతా సినిమా కథలా చెప్పుకుంటున్నారు. మా కాలువకు ప్రాణం ఆ తుంగభద్రే. సుంకేసుల దగ్గర ఆనకట్ట కట్టి, కడప దాకా కాలువ తవ్వే పని 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ మొదలుపెట్టింది. నీళ్లు పారించడమే కాకుండా పడవలు కూడా నడపాలని ఆ కంపెనీ ఆశ. లాభాలు బాగా వస్తాయని లెక్కలు వేసుకున్నారు. రాలేదు. 1882లో ప్రభుత్వమే కొనేసింది. కాగితం మీది లెక్కలు నమ్మి మునగడం ఈ నేలకు కొత్త కాదని అన్నతో అన్నాను. అన్న నవ్వలేదు.

నంద్యాలలో బస్సు మారాం. 2022లో ఈ ఊరు జిల్లా కేంద్రమైంది, 2023లో 150 సీట్లతో ప్రభుత్వ మెడికల్ కాలేజీ కూడా వచ్చింది. అది వినగానే అన్న మొహం వెలిగింది. అమ్మాయే చల్లగా చెప్పింది: "నాయనా, దాంట్లో సగమే మామూలు సీట్లు. మూడోవంతు పైన సెల్ఫ్ ఫైనాన్సు, ఏడాదికి పన్నెండు లక్షలు. మిగతావి ఎన్నారై కోటా, ఇరవై లక్షలు." పన్నెండు లక్షలను చదువు అయ్యేదాకా హెచ్చవేసి చూస్తే నేపాలే నయమనిపిస్తుంది. పిల్లలు దేశాలు పట్టి పోవడానికి వెనకున్న లెక్క ఇదే, మోజు కాదు.

మొదట దిగింది ఆళ్లగడ్డలో. శిల్పులకు పేరుపడ్డ ఊరు. బస్సు దిగేసరికే ఉలి చప్పుడు వినిపిస్తుంది, రోడ్డు పక్కన సగం చెక్కిన ఆంజనేయులూ అమ్మవార్లూ వరసగా నిలబడి ఉంటారు. మాకు దూరపు బంధువుల అమ్మాయి ఒకామె బంగ్లాదేశ్‌లో కుమిల్లా వైపు ఎంబీబీఎస్ మూడో ఏడాది చదువుతోంది. జూలైలో ఇంటికొచ్చి, తిరిగి పోయే రోజు కోసం చూస్తోంది.

ఆ జూలైలో అక్కడేం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. రిజర్వేషన్ల మీద విద్యార్థుల ఉద్యమం, కాల్పులు, ఇంటర్నెట్ బంద్, కర్ఫ్యూ. ఆగస్టు 5న అక్కడి ప్రధాని దేశమే విడిచిపెట్టారు. జూలై నెలాఖరుకు మన విద్యార్థులు ఆరు వేలమందికి పైగా సరిహద్దు దాటి వచ్చేశారు. పశ్చిమ బెంగాల్లో పెట్రాపోల్, గెదే మీదుగా కొందరు, మేఘాలయలో డౌకీ మీదుగా కొందరు, త్రిపురలో అఖౌరా మీదుగా ఇంకొందరు. ఈ అమ్మాయి అఖౌరా దాటి అగర్తలాలో అడుగుపెట్టి ఇంటికి ఫోన్ చేసేదాకా వాళ్లమ్మ నాలుగు రోజులు అన్నం ముట్టలేదట. "నెట్టు లేదు, ఫోను పోదు. టీవీలో మంటలు. ఆ నాలుగు రోజులు నాకు నాలుగేండ్లు వదినా" అని మా వదినకు ఫోన్లో చెప్పుకుందట.

ఇంత జరిగాక ఇక పోదేమో అనుకున్నాం. అమ్మాయి మాత్రం, "పోతా మామా. ప్రొఫ్ పరీక్షలుండాయి" అంది, కాలేజీకి దసరా సెలవులు అయిపోయినంత తేలిగ్గా. అక్కడ చదువు గురించి అడిగితే గలగలా చెప్పింది. ప్రతి పాఠానికీ చిన్న మౌఖిక పరీక్ష, దాన్ని 'ఐటెం' అంటారు. కొన్ని ఐటెంలు కలిపితే 'కార్డు', కొన్ని కార్డులు కలిపితే 'టర్మ్', ఆ తర్వాతే ప్రొఫ్. ఐటెం తప్పితే మేడం వదలదు, మళ్లీ చెప్పాల్సిందే. పుస్తకాలు మన దగ్గర చదివేవే. రోగాలూ మన రోగాలే, డెంగ్యూ, టైఫాయిడ్, క్షయ.

"మరి భాష?" అని మా అమ్మాయి అడిగింది.

"ఆర్నెల్లలో వచ్చేసింది. జ్వరాన్ని 'జొర్' అంటారు, నొప్పిని 'బ్యాథా' అంటారు. మన వ్యథే కదా అది! ముసలోళ్లు బ్యాథా బ్యాథా అంటే మా జేజి గుర్తొస్తాది."

బయటికొచ్చాక అన్న కాసేపు మాట్లాడలేదు. ఆ ఇంటి తల్లి మొహమే ఆయన కళ్లముందు ఉన్నట్టుంది. మా అమ్మాయి మాత్రం ఫోన్‌లో ఏదో రాసుకుంటోంది.

చాగలమర్రి దాటితే కడప జిల్లా. దువ్వూరు, మైదుకూరు పొలాల్లో పసుపు ఆకులు గాలికి ఊగుతుంటాయి. మైదుకూరు నుంచి ఆటోలో ఆరేడు కిలోమీటర్లు లోపలికి పోతే ఒక పల్లె. ఊళ్లోకి అడుగుపెట్టి ఫలానా అబ్బాయి ఇల్లెక్కడని అడగగానే, "డాక్టరప్ప ఇల్లా? ఆ వేపచెట్టు కాడ" అన్నారు.

ఆ డాక్టరప్ప ఇంకా డాక్టరు కాదు. ఈ ప్రయాణంలో నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టిన ఇల్లు అదే.

2017లో బిష్కెక్ పోయాడు. ఐదేళ్ల కోర్సు. మొదటి రెండేళ్లు బాగానే నడిచింది. మూడో ఏడాది వార్డుల్లోకి పోవాల్సిన సమయానికి కరోనా వచ్చింది. 2020లో ఇంటికొచ్చి ఏడాదికి పైగా ఫోన్లోనే క్లాసులు విన్నాడు. "పేషెంటు పొట్ట మీద చెయ్యి పెట్టి నేర్చుకోవాల్సిన ఏడాది మా మిద్దె మీద సిగ్నల్ ఎతుక్కుంటా గడిసిపోయింది సార్" అన్నాడు. తిరిగి వెళ్లాక భాష అడ్డం. క్లాసు ఇంగ్లీషే గానీ వార్డులో రోగి మాట్లాడేది కిర్గిజో రష్యనో. 'బలీత్' అంటే నొప్పి అని నేర్చుకున్నాడు. ఎక్కడ, ఎప్పటినుంచి, ఎలాంటి నొప్పి అని అడిగేంత భాష రాలేదు. ప్రొఫెసరు చెబుతుంటే ఇరవైమంది వెనక నిలబడి మంచాన్ని చూసొచ్చేవాళ్లట.

2022లో డిగ్రీ చేతికొచ్చింది. ఇక్కడ వైద్యం చేయాలంటే ఎఫ్ఎంజీఈ పాసవ్వాలి. 2002 నుంచి ఉన్న పరీక్ష ఇది. ఏడాదికి రెండుసార్లు పెడతారు, 300 ప్రశ్నలు, 150 వస్తే పాస్. వినడానికి సగం మార్కులే కదా అనిపిస్తుంది. ఈ మధ్య పరీక్షల్లో పాసవుతున్నది దాదాపు ఐదుగురిలో ఒకరు. ఈ అబ్బాయి నాలుగుసార్లు రాశాడు. 2024 జూలైలో రాసినదాంట్లో 146 వచ్చాయి.

నాలుగు మార్కులు. వాళ్ల నాయన ఆ సంఖ్య చెప్పేటప్పుడు వేళ్లు చూపించాడు.

మూడెకరాలు అమ్మి పంపించారు. కొన్నవాళ్లు అందులోనే పసుపు వేశారు, వీళ్ల గడప ముందు నుంచే ట్రాక్టరు పోతుంది. తండ్రి ఇప్పుడు కౌలు చేస్తున్నాడు. కొడుకు పొద్దున హైదరాబాదు కోచింగ్ వాళ్ల వీడియోలు చూస్తాడు, సాయంత్రం మైదుకూరులో మెడికల్ షాపులో కూర్చుంటాడు.

"ఊళ్లో జనం వస్తారా నీ దగ్గరికి?" అని అడిగాను.

"వస్తారు సార్. బీపీ చూడమంటారు, చూస్తా. మందు రాయమంటారు, రాయకూడదు. పోయిన నెల ఒకాయన్ని చేన్లో పాము కరిచింది. కట్లపామని చెప్తాండారు. అక్కడ ఐదేండ్లలో పాముకాటు కేసు ఒక్కటి గూడా చూళ్లేదు నేను. పుస్తకంలో చదివిందంతా మతికొస్తాంది, చేతిలో మందు ల్యా, చేసే హక్కూ ల్యా. కాలు కదిలించొద్దని చెప్పి బండి మీద ఇద్దరి మధ్యన కూర్చోబెట్టి ప్రొద్దుటూరు ఆస్పత్రికి పంపించినా. బతికినాడు." కాసేపు ఆగి, "ఆయనే వచ్చి కాళ్లకు దండం పెట్టబోయినాడు. యాడ దాక్కోవాల్నో తెలీలేదు" అన్నాడు.

వాళ్లమ్మ మమ్మల్ని తినకుండా పోనివ్వలేదు. రాగిసంగటి, చెనిక్కాయల ఊరిబిండి, వంకాయ పులుసు. భోజనం దగ్గర మా అమ్మాయి ఆ అబ్బాయిని ఒక్కటే అడిగింది: "అన్నా, నువ్వు మళ్లీ మొదటినుంచి అయితే ఏం చేస్తావు?"

"పోయే ముందు ఆడ ఆస్పత్రి చూస్తా పాపా. కాలేజీ బిల్డింగు ఫోటో కాదు, ఆస్పత్రి. ఎన్ని మంచాలు, ఎవరొస్తారు, వాళ్లతో మనం మాట్లాడగలమా."

ఆ రాత్రి మైదుకూరు లాడ్జిలో నిద్ర పట్టక నేను ఈ దూరాల గురించే ఆలోచించాను. హోర్డింగు మీద కిర్గిజ్‌స్థాన్ కూడా 'పొరుగు దేశమే', విమానంలో నాలుగైదు గంటలు అంతే. కానీ వైద్యవిద్యలో పొరుగు అంటే అది కాదు. అక్కడి వార్డులో పడుకున్న మనిషి జబ్బు మన ఊరి జబ్బులా ఉందా, అతని మూలుగు మనకు అర్థమవుతుందా అన్నది దూరం. ఎఫ్ఎంజీఈ ఫలితాల్లో నేపాల్, బంగ్లాదేశ్ నుంచి వచ్చిన పిల్లలు కిర్గిజ్‌స్థాన్ నుంచి వచ్చినవాళ్ల కంటే మెరుగ్గా కనిపించడానికి ఇదొక పెద్ద కారణమని నా నమ్మకం. అదొక్కటే కారణమని అనను. ఖర్చు ఎక్కువైన చోటికి మార్కులు మెరుగ్గా ఉన్న పిల్లలు పోవడం కూడా ఉంటుంది.

ఇంకో మాట. వీటికి 'స్టూడెంట్ ఎక్స్ఛేంజ్' అని పేరు పెట్టి అమ్మే బ్రోచర్లు కూడా చూశాను. ఎక్స్ఛేంజ్ అంటే ఇచ్చిపుచ్చుకోవడం. అది లేకపోలేదు. సార్క్ దేశాలు కలిసి 2010లో ఢిల్లీలో సౌత్ ఏషియన్ యూనివర్సిటీని నడపడం మొదలుపెట్టాయి. ఐసీసీఆర్ స్కాలర్‌షిప్పులతో అఫ్గాన్ పిల్లలు ఉస్మానియాలో చదువుకున్నారు. నేపాల్ ధరాన్‌లోని బీపీ కోయిరాలా వైద్యసంస్థ 1993లో మన దేశ సహకారంతోనే మొదలైంది. మా పల్లెల నుంచి జరిగేది మాత్రం ఇచ్చిపుచ్చుకోవడం కాదు, ఎకరం లెక్కన కొనుక్కోవడం.

మరునాడు ఖాజీపేట, చెన్నూరు మీదుగా పెన్న దాటి కడప చేరాం. ఏడు రోడ్ల దగ్గర కారం దోశ తిని, ఒక ప్రైవేటు ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరుగా ఉన్న ఒకమ్మాయిని కలవడానికి పోయాం. ఆమె షిఫ్టు అయ్యేదాకా రెండు గంటలు ఖాళీ దొరికింది. ఎర్రముక్కపల్లెలో బ్రౌన్ గ్రంథాలయం చూపిస్తానని అమ్మాయిని తీసుకుపోయాను. 1820లో సీపీ బ్రౌన్ ఈ ఊరికి ఉద్యోగం మీద వచ్చాడు. జనం చెప్పేది అర్థం కాకపోతే కచేరీ నడవదు కాబట్టి తెలుగు పట్టుబట్టి నేర్చాడు. ఆ తర్వాత తన బంగళాలోనే పండితుల్ని కూర్చోబెట్టి తాళపత్రాలకు శుద్ధప్రతులు రాయించాడు, నిఘంటువు కూర్చాడు. ఆ బంగళా ఉన్న స్థలంలోనే ఇప్పటి గ్రంథాలయం. "ఈయనకు ఎఫ్ఎంజీఈ పెట్టుంటే పాసయ్యేవాడు చిన్నాయనా" అంది అమ్మాయి. రెండు రోజుల్లో అప్పుడే నవ్వింది.

డాక్టరమ్మ నేపాల్‌లో భరత్‌పూర్‌లో చదివింది. 2016లో గోరఖ్‌పూర్ దాకా రైల్లో పోయి, సునౌలీ దగ్గర సరిహద్దు దాటి, అక్కడి నుంచి బస్సు. వీసా లేదు, గడియారం పదిహేను నిమిషాలు ముందుకు తిప్పుకుంటే చాలు. నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్పు అక్కడే. ఆసుపత్రికి చితవన్ పల్లెల నుంచి రైతులు వచ్చేవాళ్లు. జ్వరాన్ని 'జ్వరో' అంటారట. "పాముకాట్లు ఎన్ని చూసినానో లెక్కలేదు" అంది. మా అన్న చప్పున తలెత్తి చూశాడు. 2022లో మొదటిసారికే ఎఫ్ఎంజీఈ పాసైంది.

అయితే ఆమె మాకు నేపాల్‌ను అమ్మలేదు. వాళ్ల నాయన టీచరు, అప్పు ఇంకా తీరలేదు. ఇప్పుడు వెళ్లేవాళ్లు నీట్‌తో పాటు అక్కడి మెడికల్ ఎడ్యుకేషన్ కమిషన్ ప్రవేశపరీక్ష కూడా రాయాలని చెప్పింది. 2021 నవంబరులో వచ్చిన నిబంధనలు కూడా వేళ్ల మీద లెక్కపెట్టింది. చదువు 54 నెలలకు తగ్గకూడదు. బోధన ఇంగ్లీషులోనే ఉండాలి. పన్నెండు నెలల ఇంటర్న్‌షిప్పు అదే కాలేజీలో చేయాలి. ఆ దేశం వాళ్లు తమ సొంత పౌరులకిచ్చే లైసెన్సుకు మనమూ అర్హులమవ్వాలి. తిరిగొచ్చాక ఇక్కడ ఇంకో ఏడాది ఇంటర్న్‌షిప్పు. మొత్తం పదేళ్లలో ముగియాలి. "ఇందులో ఒక్కటి తప్పినా డిగ్రీ గోడకు తగిలించుకోవాల్సిందే పాపా. ఏజెంటును ఇవే అడుగు, రాసిమ్మను."

ఆసుపత్రి మెట్ల మీదే నిలబడి అమ్మాయి కన్సల్టెన్సీకి ఫోన్ చేసింది. స్పీకరు పెట్టింది. ఒక్కొక్కటే అడిగింది. ఆసుపత్రిలో మంచాలెన్ని? ఇంటర్న్‌షిప్పు అక్కడేనా? మీరు పంపినవాళ్లలో ఎఫ్ఎంజీఈ ఎంతమంది పాసయ్యారు? అవతలి గొంతు మొదట "మేడం" అంది, తర్వాత "అమ్మా" అంది, చివరికి "నాన్నగారితో మాట్లాడతాం, ఆఫీసుకు రమ్మనండి" అంది. కాగితం మీద రాసిస్తారా అంటే లైను కట్టయింది.

"ఇంకోసారి నీట్ రాస్తా నాయనా" అంది అమ్మాయి. "రాకపోతే నేపాల్ పరీక్ష రాస్తా. అది గూడా రాకపోతే బీఎస్సీ నర్సింగ్. కాలువ కింది చేను మాత్రం ఇప్పుడే వద్దు."

అన్న మారు మాట్లాడలేదు. కడప బస్టాండులో నంద్యాల బస్సు కోసం నిలబడి ఉన్నప్పుడు చేను కొంటానన్న మనిషే ఫోన్ చేశాడు. మాగాణికి ఈ రేటు మళ్లీ రాదని, వచ్చేవారంలో అగ్రిమెంటు రాసుకుందామని అంటున్నాడు. అన్న ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకుని, "ఇప్పుడు కుదరదులే అప్పా, వరి నాటేసినాం" అన్నాడు.